దేవరగట్టు బన్ని ‘కర్రల సమరం’ ఎలా అయింది?

2025 అక్టోబరు 2, దసరా రాత్రి దేవరగట్టు కొండ దగ్గర, ఊళ్ల జనం దేవుడి విగ్రహాల కోసం కర్రలతో తలపడే బన్ని ఉత్సవంలో మళ్లీ ప్రాణాలు పోయాయి. వంద మంది దాకా గాయపడ్డారు. తెల్లారేసరికి ఆ వీడియోలు దేశమంతా తిరిగాయి. వాటి వెంటే పాత తగువూ లేచింది: ఈ ఉత్సవాన్ని ఆపాలా, ఆపకూడదా? మణి, మల్లాసురులనే రాక్షసులను శివుడు సంహరించిన కథ ఏటా అందరూ రాసేదే కనుక ఇక్కడ మళ్లీ చెప్పడం లేదు. ఈ తగువు ఇంతగా ముదరడానికి కారణం పురాణంలో లేదు, ఈ 20 ఏళ్లలో ఉంది.

ముందు పేరు సంగతి. కర్నూలు జిల్లా హొళగుంద మండలంలో ఆ కొండ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ‘బన్నికి పోతాం’ అంటారు. కన్నడంలో బన్ని అంటే జమ్మిచెట్టు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆలూరు తాలూకా బళ్లారి జిల్లాలోనే ఉండేది కనుక కన్నడం అక్కడ పరాయి భాష కాదు. జమ్మిచెట్టు దగ్గరికి దేవుణ్ని తీసుకెళ్లి తెచ్చుకునే పండుగకు ఆ చెట్టు పేరే పెట్టుకున్నారు. ‘కర్రల సమరం’ అన్నది వార్తలతో స్థిరపడిన పేరు.

నా లెక్కలో అసలు మలుపు 2004 ప్రాంతం. తెలుగులో 24 గంటల వార్తా ఛానెళ్లు వచ్చిన రోజులవి. అర్ధరాత్రి, కాగడాల మంటలు, ఇనుప కట్లు వేసిన కర్రలు, నెత్తురు. తెరకు ఇంతకు మించిన దృశ్యం దొరకదు. రాత్రంతా నడిచే ఉత్సవంలోంచి కర్రలు లేచిన రెండు నిమిషాలు తీసి, రోజంతా తిప్పితిప్పి చూపించారు. అప్పటిదాకా బన్ని గురించి చెప్పేది వెళ్లి వచ్చినవాళ్లే. ఆ తర్వాత, ఆ కొండ ఏ దిక్కున ఉందో తెలియనివాళ్లకు కూడా దాని మీద ఒక తీర్పు ఏర్పడిపోయింది.

తెర మీదికి రానిది ఏమిటంటే, కర్ర పట్టేముందు నెరణికి, నెరణికి తండా, కొత్తపేట జనం చేసే పాలబాస. పాత కక్షలేవీ మనసులో పెట్టుకోకుండా దేవుణ్ని తోడుకుని వస్తామని పాల మీద చేసే ప్రమాణం అది. ఉత్సవానికి ముందు ఆ మూడూళ్లలో నిష్ఠగా ఉంటారు. అర్ధరాత్రి కొండ మీద మాళ మల్లేశ్వరస్వామికి కల్యాణం జరుగుతుంది. ఉత్సవమూర్తులు కిందికి దిగాక పాదాల గట్టు, రక్షపడ, జమ్మిచెట్టు మీదుగా బసవన్న గుడిదాకా నడక. రక్షపడ దగ్గర గొరవయ్య, అంటే మల్లన్నను కొలిచే భక్తుడు, తన తొడ కోసుకుని రాక్షసులకు పిడికెడు నెత్తురు ఇస్తాడు. దారి పొడవునా మూడూళ్లవాళ్లు విగ్రహాల చుట్టూ కంచెలా నిలబడతారు. అవతలి ఊళ్ల జనం దేవుడు తమ దగ్గరికి రావాలని మీదికొస్తారు. కర్రలు లేచేది అక్కడ. ‘మేం కొట్టుకోవడానికి పోం, దేవుణ్ని కాపాడుకోవడానికి పోతాం’ అన్నది వాళ్ల వాదన సారాంశం. చీకట్లో కాగడాలు తగిలి, తొక్కిసలాటలో కిందపడి అయ్యే గాయాలు కూడా కర్రదెబ్బల లెక్కలోనే కలిసిపోతున్నాయని వాళ్ల బాధ. దెబ్బ తగిలితే పసుపు అద్దుకుని నడిచిపోవడం వాళ్ల ఆనవాయితీ.

పోలీసుల మాటా ఉంది: ప్రాణం పోయాక ఆచారమన్న జవాబు చెల్లదని. అది కాదనలేని మాట. ఏటా ముందుగానే ఊళ్లలో సమావేశాలు పెడతారు, కర్రలు స్వాధీనం చేసుకుంటారు, మద్యం ఆపడానికి చూస్తారు, సీసీ కెమెరాలు బిగిస్తారు, డ్రోన్లు ఎగరేస్తారు.

2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక, ఛానెల్ అవసరం కూడా లేకుండా పోయింది. ఇప్పుడు ఆ రాత్రి కొండ కిందికి ప్రమాణంతో సంబంధం లేని జనం వస్తున్నారు. చేతిలో ఫోను పైకెత్తి, మంచి దృశ్యం కోసం ముందుకు తోసుకొస్తారు. ఇరుకైన దారి మరింత ఇరుకవుతుంది. పాలబాస చేసినవాడికి ఒక కట్టుబాటు ఉంది, ఊళ్లో జవాబు చెప్పుకోవాలి. చూడటానికి వచ్చినవాడికి ఆ రెండూ లేవు. ఆపాలా వద్దా అని వాదించేవాళ్లు ఈ తేడా ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. మూడూళ్ల పెద్దలను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కాగడాలకు బదులు గట్టి దీపాలు, చూసేవాళ్లకు విడిగా చోటు, కొండ కిందే వైద్యం అని మాట్లాడితే వినేవాళ్లు అక్కడ ఉన్నారు. ‘అనాగరికులు’ అని మొదలుపెడితే ఎవరూ వినరు, వినక్కర్లేదు కూడా.

బన్నిలో ఆ ఊళ్లు చెవులు రిక్కించి వినేది కర్రల చప్పుడును కాదు. తెల్లవారుజామున బసవన్న గుడి దగ్గర పూజారి కార్ణికం, అంటే రాబోయే రోజుల భవిష్యవాణి, చెబుతాడు. వానలు ఎటు పడతాయి, పత్తి ధర ఎంత పలుకుతుంది, జొన్న ఎంత అన్నది అందులో ఉంటుంది. వాన మీదే బతికే నేల అది. దసరా దాటితే మిరపకోతల కోసం గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, మూటలు కట్టాల్సిన ఇళ్లు ఎన్నో. రాత్రంతా నిలబడ్డ జనం ఆ నాలుగు మాటలు విన్నాకే ఇంటిదారి పడతారు.