తెడ్డు గాల్లో ఉన్నప్పుడే పడవ జోరు

రోయింగ్ పోటీ టీవీలో చూస్తుంటే మన కన్ను తెడ్ల మీదే ఉంటుంది. తెడ్డు నీళ్ళలో ఉండి, మనిషి ఒళ్ళంతా విరుచుకుని లాగుతున్నప్పుడే పడవ గట్టిగా పోతోందనుకుంటాం. కానీ పడవ వేగాన్ని కొలిచి చూస్తే వేరేగా ఉంటుంది. తెడ్డు నీళ్ళు వదిలేసి, రోయర్ మోకాళ్ళు ముడుచుకుంటూ తర్వాతి లాగుడుకు సిద్ధమవుతున్నప్పుడు, అంటే ఎవరూ ఏమీ లాగనప్పుడు, పడవ అన్నిటికన్నా జోరు మీద ఉంటుంది. అన్నిటికన్నా నెమ్మదించేది తెడ్డు నీళ్ళలో దిగే సమయంలో.

ఇందులో మాయ ఏమీ లేదు, బరువుల లెక్కే. ఒక్కరే నడిపే పడవను సింగిల్ స్కల్ అంటారు. నిబంధనల ప్రకారం దాని బరువు 14 కిలోలకు తగ్గకూడదు. అందులో కూర్చున్న అమ్మాయి 70 కిలోలు ఉందనుకుందాం. పడవ ఆమెను మోస్తోంది అనేకన్నా ఆమెకు పడవను తొడిగారంటే సరిగ్గా ఉంటుందేమో. ఆమె సీటుకు చిన్న చక్రాలుంటాయి, పట్టాల మీద అటూ ఇటూ దొర్లుతుంది. రోయర్ వెళ్ళే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటుంది కాబట్టి, లాగడం అయ్యాక ఆమె జరిగేది పడవ వెనక కొస వైపు. 70 కిలోలు వెనక్కి జరిగితే 14 కిలోల పడవ ఆమె కింద నుంచి ముందుకు దూసుకుపోతుంది. తోపుడు బండి మీద నిలబడి ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే బండి ఎదురు దిక్కుకు కదలదూ, అలాగే. పట్టా చివర ఆ 70 కిలోలను ఆపాలి. ఆపడానికి పాదాలతో పడవనే తన్నాలి. ఆ తన్నుకు పడవ బ్రేకు వేసినట్టు నెమ్మదిస్తుంది.

ఒక వేసవి అంతా రోయర్ పడే పాట్లలో సగం ఈ ఎగుడుదిగుడును తగ్గించుకోవడానికే. ఎందుకంటే అది చాలా ఖరీదైన వ్యవహారం. పడవ మీద నీటి నిరోధం సుమారుగా వేగం వర్గం చొప్పున పెరుగుతుంది. దాన్ని నెగ్గడానికి కావలసిన పవర్ వేగం ఘనం చొప్పున పెరుగుతుంది. జిమ్‌లో చైన్ లాగితే ఫ్యాన్ తిరిగే రోయింగ్ మెషీన్ మీరు చూసే ఉంటారు. రోయర్లు దాన్ని ఎర్గ్ అంటారు. ఎక్కువగా కనిపించే కాన్సెప్ట్2 ఎర్గ్ కూడా ఈ ఘనం సూత్రంతోనే లెక్క కడుతుంది. తెర మీద అందరూ చూసే అంకె స్ప్లిట్, అంటే 500 మీటర్లకు పట్టే సమయం. 2:30 స్ప్లిట్ నిలబెట్టడానికి 104 వాట్లు చాలు. దాన్ని 2:00కు దించాలంటే 203 వాట్లు కావాలి. వేగం పెరిగింది నాలుగో వంతు, శ్రమ మాత్రం దాదాపు రెట్టింపు. 1:40కి దించాలంటే 350 వాట్లు. ఎర్గ్ మీద ఒక్క సెకను తగ్గిందని ఎగిరి గంతేసే వాళ్ళను చూసి నవ్వకండి, ఆ సెకను ఊరికే రాదు.

పడవ ఒకే వేగంతో పోకుండా ఊగిసలాడుతూ పోయినప్పుడు, జోరుగా ఉన్నంతసేపూ అదనంగా కట్టిన సుంకం నెమ్మదిగా ఉన్నప్పుడు మిగిలిన దానితో పూడదు. పశ్చిమ జర్మనీ రోయర్ పీటర్ మైకేల్ కోల్బే 1981లో దీనికి విరుగుడు వాడి చూపించాడు. అతని పడవలో సీటు కదలదు. తెడ్లు బిగించే రిగ్గర్, పాదాలు ఆనించే పలక కలిసి ముందుకూ వెనక్కూ జరుగుతాయి. బరువైన మనిషి ఉన్నచోటే ఉంటాడు, తేలికపాటి చట్రమే అటూ ఇటూ జరుగుతుంది, పడవ ఊగిసలాట తగ్గుతుంది. ఆ ఏడు అతను ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఇలాంటి పడవల ఖర్చు అందరూ భరించలేరని 1983లో దాన్ని నిషేధించారు. కారణం న్యాయమైనదే, అయినా అంత చక్కటి ఆలోచనను అటకెక్కించారే అని నాకు ఇప్పటికీ కాస్త చిరాకు.

కాబట్టి ఇవాళ్టికీ రోయర్ చేతిలో ఉన్నది ఒకటే, మెత్తగా జరగడం. వేసవి మొదటి వారాలు దీనికే పోతాయి. దగ్గర నుంచి చూస్తే ఇలా ఉంటుంది. చేతులు మోకాళ్ళు దాటి వెళ్తాయి. నీటికి సమాంతరంగా పడుకుని ఉన్న బ్లేడ్ (తెడ్డు కొసన ఉండే పలక), పిడిని వేళ్ళతో దొర్లించగానే నిలువుగా తిరుగుతుంది. పట్టా చివరకు చేరుతుండగా పిడికిళ్ళు కొద్దిగా పైకి లేస్తాయి, అంతే, అవతల బ్లేడ్ నీళ్ళలోకి జారుతుంది. చప్పుడు రాకూడదు, నీళ్ళు చిందినా ఒకటి రెండు చుక్కలే. బ్లేడ్ పైఅంచు మునిగేదాకా కాళ్ళతో తన్నకూడదు. ముందే తన్నితే బ్లేడ్ గాలిని లాగుతుంది, పాదాలు పడవను వెనక్కి నెడతాయి. మునిగాక తన్నితే బ్లేడ్ దాదాపు ఉన్నచోటే నిలుస్తుంది, పడవే దాన్ని దాటుకుని ముందుకు పోతుంది. తెడ్డుతో నీళ్ళను వెనక్కి తోస్తారని మనం అనుకుంటాం గానీ, మంచి రోయర్ చేసేది గడ దిగేసి పడవను నడిపే పనికే దగ్గర.

ఈ సాధనంతా నెమ్మదిగా సాగుతుంది, నిమిషానికి 18 స్ట్రోకులు, అంటే 18 లాగుళ్ళు. 2:30 స్ప్లిట్‌తో పోతే ఒక్కో స్ట్రోకుకు పడవ 11 మీటర్లు జారుతుంది. రేసులో నిమిషానికి 30 దాటుతాయి కాబట్టి స్ట్రోకుకు ఎనిమిది మీటర్ల పైచిలుకే వస్తుంది. గట్టు మీద నిలబడి చూసేవాళ్ళకు ఈ నెమ్మది సాధన షికారులా కనిపిస్తుంది. గంటన్నర షికారు, వారంలో చాలా రోజులు.

ఇంత నెమ్మదిగా ఎందుకు? 2000 మీటర్ల రేసు ఎనిమిది నిమిషాలే కదా, ఆ వేగంతోనే రోజూ ప్రాక్టీస్ చేస్తే పోదా? చాలామంది ఔత్సాహికులు చేసే పని అదే. ప్రతి రోజూ ఓ మోస్తరు గట్టిగా, ఒగరుస్తూ. అది అటు రేసుకు సరిపడేంత గట్టిదీ కాదు, ఇటు మర్నాటికి కోలుకునేంత తేలికదీ కాదు. నార్వేలో స్థిరపడిన పరిశోధకుడు స్టీఫెన్ సైలర్, మేటి ఆటగాళ్ళు నిజంగా ఏం చేస్తున్నారో లెక్క తీస్తే, శిక్షణలో అయిదింట నాలుగు వంతులు తేలిగ్గా మాట్లాడుకోగలిగినంత నెమ్మదిగా, మిగిలిన వంతు చాలా గట్టిగా సాగుతోందని తేలింది. 2004లో ఆయన మరో పరిశోధకుడితో కలిసి 1970 నుంచి 2001 దాకా నార్వే అంతర్జాతీయ రోయర్ల శిక్షణను పరిశీలించారు. ఆ మూడు దశాబ్దాల్లో నెమ్మది గంటలు పెరిగాయి, రేసును మించిన వేగంతో చేసే గంటలు తగ్గాయి. రోయర్ల ఆక్సిజన్ సామర్థ్యం మాత్రం పెరిగింది. ఇదే కారణం, అదే ఫలితం అని ఇలాంటి లెక్కలతో గట్టిగా తేల్చలేం. కానీ శరీరం పనిచేసే తీరుకు ఇది సరిపోతుంది.

2000 మీటర్ల రేసులో ఖర్చయ్యే శక్తిలో ముప్పావు వంతు, ఇంకా ఎక్కువే, ఆక్సిజన్‌తో తయారవుతుంది. దాన్ని కండరానికి చేర్చడానికి గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోడాలి, కండరంలో సన్నని రక్తనాళాలు అల్లుకోవాలి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు పెరగాలి. ఇవి ఒకరోజు ఉరికితే వచ్చేవి కావు, నెలల తరబడి గంటలు గంటలు అడుగుతాయి. అన్ని గంటలు ఒళ్ళు తట్టుకోవాలంటే రక్తంలో లాక్టేట్, అంటే కండరాలు గట్టిగా పనిచేసేకొద్దీ పేరుకునే పదార్థం, లీటరుకు 2 మిల్లీమోల్స్ దాటకుండా ఉండాలి. రేసు చివర అది 15 కూడా దాటుతుంది. నెమ్మదిగా వెళ్ళడం చేతగాకపోతే మిగతా వారంలో గట్టిగా వెళ్ళడమూ చేతగాదు. నా ఉద్దేశంలో రోయర్‌కు అన్నిటికన్నా కష్టమైన నియమం ఇదే. పక్క పడవ దాటిపోతుంటే చూస్తూ ఊరుకోవాలి మరి.

వేసవిలో ఈ నెమ్మదికి ఎండ అడ్డం పడుతుంది. కండరాలు ఖర్చు చేసే శక్తిలో పనిగా మారేది దాదాపు అయిదో వంతే, మిగిలినదంతా వేడి. 100 వాట్లతో తెడ్డు వేస్తుంటే 400 వాట్ల వేడి లోపల పుడుతుంది. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 2400 కిలోజౌళ్ళ వేడిని తీసుకుపోతుంది. ఆ లెక్కన గంట తేలికపాటి సాధనకే అర లీటరుకు పైగా చెమట ఆవిరి కావాలి. గాల్లో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆవిరి కాకుండా కారిపోతుంది. కారిన చెమట చల్లబరచదు, నీళ్ళ నష్టం మాత్రం మిగులుస్తుంది. పైగా చర్మం చల్లబడటానికి రక్తం అటు మళ్ళుతుంది కాబట్టి, అదే వేగానికి గుండె ఇంకాస్త వేగంగా కొట్టుకోవాలి. అలాంటి రోజు నిన్నటి స్ప్లిట్ పట్టుకుని వేలాడితే తేలిక రోజు కాస్తా బరువు రోజైపోతుంది. ఊరటేమిటంటే, రెండు వారాలు ఎండలో జాగ్రత్తగా సాధన చేస్తే శరీరం సర్దుకుంటుంది. రక్తంలో ప్లాస్మా (నీటి భాగం) పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది.

రోయర్లు తెల్లారకముందే పడవ భుజాన వేసుకోవడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. రాత్రంతా నేల చల్లబడి, దాన్ని అంటుకున్న గాలి కూడా చల్లగా, బరువుగా కింద పరుచుకుని ఉంటుంది. పైన వీచే గాలి దానితో కలవదు. నీళ్ళు అద్దంలా ఉంటాయి. ఎండెక్కి నేల వేడెక్కాక పైగాలి, కిందిగాలి కలబడతాయి, అల మొదలవుతుంది. ఇంకో చిన్న లాభం కూడా వేసవి ఇస్తుంది. నీటి స్నిగ్ధత (జిగట) 10 డిగ్రీల దగ్గర ఉన్నదానికన్నా 30 డిగ్రీల దగ్గర నలభై శాతం దాకా తక్కువ. పడవ మీద నిరోధంలో పెద్ద వాటా ఒరిపిడిదే కాబట్టి గోరువెచ్చటి నీళ్ళలో పడవ కాస్త తేలిగ్గా జారుతుంది. వసంతంలో కన్నా టైమ్ మెరుగైందంటే అందులో కొంత వాటా నీళ్ళది, రోయర్‌ది కాదు.

చేతుల సంగతి కూడా చెప్పాలి. వేళ్ళ మొదళ్ళ దగ్గర పిడి ఒరుసుకుని చర్మం పొరలు విడిపోతాయి, మధ్యలో నీరు చేరి బొబ్బ లేస్తుంది, చితుకుతుంది, మళ్ళీ లేస్తుంది. కొన్ని వారాలకు అక్కడ కాయ కాస్తుంది. గ్లౌజులు వేసుకుంటే పిడి స్పర్శ తెలియదని చాలామంది వేసుకోరు. బొబ్బలు అందరికీ కనిపిస్తాయి గానీ, కోచ్‌లు భయపడేది పక్కటెముకలకు. ఒకే లాగుడు వేలసార్లు పడితే అక్కడ సన్నని చీలిక వస్తుంది. అది వస్తే ఆ వేసవి పోయినట్టే.

రేసుకు ముందు వారం సాధన గంటలు సగానికి తగ్గిస్తారు, వేగం మాత్రం తగ్గించరు. కాళ్ళు తేలికపడతాయి. తలలో టెన్షన్ పెరుగుతుంది. తర్వాత చూసేది గాలి. ఎదురుగాలికీ వెనకగాలికీ మధ్య తేడా ఎంతంటే, రోయింగ్‌లో ప్రపంచ రికార్డు అనే మాటను ఆచితూచి వాడతారు, వరల్డ్ బెస్ట్ టైమ్ అంటారు.

ఒలింపిక్ దూరం 2000 మీటర్లు, 2028 లాస్ ఏంజెలెస్‌లో మాత్రం వేదిక పొడవు చాలక 1500. మన రోయర్ 2000 మీటర్లను ఎనిమిది నిమిషాల్లో, సుమారు 240 స్ట్రోకుల్లో ముగించాలనుకుంటోంది. ఘనం లెక్క ప్రకారం అంతా ఒకే వేగంతో పోవడం లాభం. మొదటి సగం అయిదు శాతం వేగంగా, రెండో సగం అయిదు శాతం నెమ్మదిగా పోతే, సత్తువ కొంచెం ఎక్కువే ఖర్చయి కూడా సెకనుకు పైగా నష్టం. సెకనుకు పైగా అంటే అయిదు మీటర్లు, పడవ పొడవులో సగానికి మించి. అయినా అందరూ మొదటి 500 మీటర్లు దంచేస్తారు. కొంతవరకు ఇది తెలివైన పనే. మొదటి కొన్ని సెకన్లకు కండరంలో దాచిన శక్తి సిద్ధంగా ఉంటుంది, గట్టిగా మొదలుపెడితే ఆక్సిజన్ వాడకం కూడా త్వరగా ఊపందుకుంటుంది. మిగతాది మనస్తత్వం. వెనక్కి తిరిగి కూర్చునే ఆటలో ముందున్న వాళ్ళకే మిగతా అందరూ కనిపిస్తారు, వెనకబడ్డ వాళ్ళకు ఎదుట ఖాళీ నీళ్ళే.

1976 మాంట్రియల్ ఒలింపిక్స్ సింగిల్ ఫైనల్లో ముందుండి అందరినీ చూస్తూ వచ్చినవాడు మనం ఇందాక చెప్పుకున్న కోల్బేయే. గీత దగ్గరపడుతుండగా ఫిన్‌లాండ్‌కు చెందిన పెర్టి కార్పినెన్ వెనక నుంచి వచ్చి దాటేశాడు. ఫైర్‌మన్‌గా పనిచేసిన కార్పినెన్ తర్వాతి రెండు ఒలింపిక్స్‌లోనూ స్వర్ణం గెలిచాడు.

మన అమ్మాయికి కష్టమంతా మూడో 500లో. ఆరంభపు నిల్వ అయిపోయింది, గీత ఇంకా దూరం. పట్టా చివర పొట్ట తొడలకు నొక్కుకుంటుంది కాబట్టి ఊపిరి కూడా స్ట్రోకు లయలోనే తీసుకోవాలి. అలసిన చెయ్యి బ్లేడ్‌ను కాస్త వంకరగా దించితే నీళ్ళు దాన్ని లోపలికి లాగేస్తాయి, పిడి వచ్చి ఛాతీకి తగులుతుంది. దీన్ని ఇంగ్లీషు రోయర్లు పీతను పట్టడం అంటారు. వేసవి మొదట్లో 18 స్ట్రోకుల దగ్గర నేర్చుకున్న మెత్తదనం 30 దగ్గర ఎంత మిగిలిందో ఇక్కడ బయటపడుతుంది. ఆఖరి 250లో ఎవరి దగ్గర ఏముంటే అది పెట్టేస్తారు.

గీత దాటాక ఆమె ముందుకు ఒరిగిపోతుంది. కళ్ళు చీకట్లు కమ్ముతుంటాయి, తొడలు మండుతుంటాయి, పడవ మాత్రం తన జోరు మీద ఇంకా పోతూనే ఉంటుంది. నీటి దగ్గర ఆ పడవ వెడల్పు జానెడున్నరకు మించదు, దాన్ని బోల్తా పడకుండా నిలబెట్టేది నీళ్ళ మీద వాలిన రెండు తెడ్లే. అందుకే ఆ స్థితిలోనూ, బొబ్బలు చితికిన ఆ వేళ్ళు పిడులను ఇంకా వదలవు.