ఇండియన్ ఐడల్ గెలిచిన గూర్ఖా, సిలిగురిలో కర్ఫ్యూ

రియాలిటీ షోల్లో జాతి వివక్ష అనగానే మనకు మొదట గుర్తొచ్చేది శిల్పాశెట్టి. 2007 జనవరిలో బ్రిటన్‌లో చానల్ 4 వేసిన ‘సెలెబ్రిటీ బిగ్ బ్రదర్’లో జేడ్ గూడీ ఆమెను ‘శిల్పా పాపడమ్’ అంది. పేరు పలకడం రాక జేడ్ తల్లి ‘ఇండియన్’ అనేసి ఊరుకుంది. ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్‌కు 44 వేలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. పాట్నాలో దిష్టిబొమ్మలు తగలబడ్డాయి. చివరికి 63 శాతం ఓట్లతో శిల్ప గెలిచింది. దేశమంతా ఆమె పక్షాన నిలబడింది. నిలబడాల్సిందే కూడా.

అదే ఏడాది సెప్టెంబర్‌లో మన గడ్డ మీద జరిగింది మాత్రం తెలుగువాళ్లలో చాలామందికి తెలియదు.

ప్రశాంత్ తమాంగ్ పశ్చిమ బెంగాల్ కొండల్లోని డార్జిలింగ్ కుర్రాడు, నేపాలీ మాట్లాడే గూర్ఖా. పోలీసు ఉద్యోగి అయిన తండ్రి చనిపోవడంతో కోల్‌కతా పోలీసులో కానిస్టేబుల్‌గా చేరి, అక్కడి ఆర్కెస్ట్రాలో పాడేవాడు. ‘ఇండియన్ ఐడల్’ మూడో సీజన్‌లో అతను ముందుకెళ్తున్నకొద్దీ కొండల్లో చందాలు వేసుకుని మరీ ఎస్‌ఎంఎస్‌లు పంపారు. సెప్టెంబర్ 23న అతను గెలిచాడు. రన్నరప్ షిల్లాంగ్‌కు చెందిన అమిత్ పాల్.

అంత పట్టుదల ఎందుకంటే చాలా వెనక్కి వెళ్లాలి. డార్జిలింగ్ 1835లో సిక్కిం రాజు నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చింది. తేయాకు తోటలు వేశాక కూలి పనులకు నేపాల్ నుంచి జనం తరలివచ్చారు. గూర్ఖాలను సైన్యంలోకి తీసుకోవడం అంతకుముందే, 1815లోనే మొదలైంది. తరాలు గడిచాయి, యుద్ధాల్లో ప్రాణాలిచ్చారు, అయినా ‘మీది నేపాల్ కదా’ అనే మాట వాళ్లను వదల్లేదు. 1986లో సుభాష్ ఘీసింగ్ నాయకత్వంలో ప్రత్యేక గూర్ఖాలాండ్ కోసం ఉద్యమం రక్తపాతంగా సాగి, 1988లో కొండలకు కొంత స్వపాలన ఇచ్చిన హిల్ కౌన్సిల్‌తో ఆగింది. నేపాలీ భాషకు రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూల్‌లో చోటు దొరికింది 1992లో. ఇలాంటి జనానికి తమవాడొకడు దేశమంతా చూస్తుండగా ‘ఇండియన్’ అనే మాటతో మొదలయ్యే బిరుదు అందుకోవడం పాటల పోటీ కంటే చాలా పెద్ద విషయం.

సరిగ్గా అప్పుడే ఢిల్లీలో ఒక ఎఫ్‌ఎం రేడియో జాకీ నోరు జారాడు. గూర్ఖాలు పాటలు పాడుకుంటూ పోతే ఇక రాత్రిళ్లు కాపలా ఎవరు కాస్తారన్నది ఆ మాటల సారాంశం. మన సినిమాల్లోనూ గూర్ఖా అంటే కర్ర పట్టుకుని ‘సలాం సాబ్’ అనే పాత్రే కదా. ఏళ్ల తరబడి అలా చూపిస్తూ వచ్చాం కాబట్టే ఆ మాట అంత తేలిగ్గా వచ్చింది. సెప్టెంబర్ 28న డార్జిలింగ్ కొండల కిందున్న సిలిగురిలో నిరసన ర్యాలీ గొడవగా మారింది. కర్ఫ్యూ పెట్టారు, సైన్యాన్ని దించారు.

ఆ కోపం ఊరికే చల్లారలేదు. ప్రశాంత్ కోసం ఓట్ల ప్రచారం నడిపించిన బిమల్ గురుంగ్ అక్టోబర్ 7న ప్రత్యేక గూర్ఖాలాండ్ కోరుతూ గూర్ఖా జనముక్తి మోర్చా అనే పార్టీ స్థాపించాడు. షో విషయంలో అంటీముట్టనట్టు ఉండిపోయిన ఘీసింగ్ కొద్ది నెలల్లోనే హిల్ కౌన్సిల్ పదవి వదులుకోవాల్సి వచ్చింది. 2013 జూలై 30న తెలంగాణ ఏర్పాటుకు కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ ఒప్పుకున్నాక, రోజుల వ్యవధిలోనే డార్జిలింగ్‌లో నిరవధిక బంద్ మొదలైంది. ‘వాళ్లకు ఇచ్చినప్పుడు మాకెందుకు ఇవ్వరు’ అన్నదే అక్కడి ప్రశ్న. ఆ బంద్‌కు పిలుపునిచ్చింది ఈ మోర్చాయే.

ఇంత జరిగినా టీవీ మారిందా అంటే, 2021 నాటి హిందీ డాన్స్ షో ‘డాన్స్ దీవానే’ చూడండి. అస్సాం నుంచి వచ్చిన చిన్న పాపను పరిచయం చేస్తూ హోస్ట్ ‘మోమో’ అంటూ, చైనా భాషలా వినిపించే అర్థంలేని మాటలు పలికాడు. అస్సాం ముఖ్యమంత్రి హిమంత బిశ్వ శర్మ ఖండించారు. చైనీస్ మాట్లాడటం తన టాలెంట్ అని పాపే చెప్పిందని హోస్ట్ వీడియోలో వివరణ ఇచ్చుకున్నాడు. పాప సరదాగా ఏదో అని ఉండొచ్చు. పెద్దవాళ్లు దాన్ని పట్టుకుని దేశం ముందు ఆ పిల్లను పరాయిదాన్ని చేయడం నాకు క్షమించరానిదిగా అనిపిస్తుంది. బిగ్ బ్రదర్ విషయంలో ఆఫ్‌కామ్ తన తీర్పును చానల్ 4లోనే మూడుసార్లు ప్రసారం చేయించింది. ‘డాన్స్ దీవానే’ లైవ్ షో కూడా కాదు. ముందే రికార్డ్ చేసి, ఎడిట్ చేసి, చానల్ వాళ్లు చూశాకే ప్రసారమైంది. అయినా ఆ ముక్కను తీసేయలేదు.