పిట్ట కావాలి, దాని పొడే పడదు

ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో తొలకరి వేళకు ఓపెన్‌బిల్ కొంగలు దిగుతాయి. ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, చలికాలంలో వెళ్లిపోతాయి. టెక్కలి వైపు తేలినీలాపురంలో పెలికాన్లూ ఇలాగే ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి. చెట్ల కింద రెట్టలు, ఈకలు, నీచు వాసన. అయినా ఊళ్లవాళ్లు వాటిని తోలరు, అవి వస్తే వానలు బాగా పడతాయని నమ్మకం. అదే శ్రీకాకుళంలో ఒక అపార్టుమెంటు గదిలో కాక్‌టీల్ అనే చిన్న చిలుకను ఒక్కదాన్ని పెంచితే చాలు, ఇంట్లో ఎవరో ఒకరికి పొద్దున్నే తుమ్ములు మొదలుకావచ్చు. ఇక్కడ పిట్టల లెక్క కన్నా గాలి లెక్క ముఖ్యం. చెట్టు మీది పిట్టల నుంచి రాలే పొడి సముద్రపు గాలికి కొట్టుకుపోతుంది, మూసిన గదిలోది ఫ్యాను కింద అక్కడక్కడే తిరుగుతుంది.

ఆ పొడి ఎలా ఉంటుందో చూడాలంటే కాక్‌టీల్ ఉన్న గదిలో టీవీ తెర మీద వేలితో గీత గీయండి. తుడిచిన మర్నాటికే తెల్లటి పొర పేరుకుని, వేలికి టాల్కం పౌడరులా అంటుతుంది. కాక్‌టీళ్లు, కాకటూలు, పావురాల ఒంటి మీద కొన్ని ప్రత్యేకమైన ఈకలు ఉంటాయి. వాటి కొసలు నిరంతరం పొడిగా రాలుతుంటాయి. మిగిలిన ఈకలు చక్కగా ఉండడానికి పక్షి ఈ పొడిని ఒళ్లంతా పట్టించుకుంటుంది. మన దుకాణాల్లో లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే బడ్జరిగార్లకు ఈ పొడి తక్కువే. కానీ వాటి ఎండిన రెట్టల్లో, చర్మపు పొట్టులో కూడా పడనివాళ్లను ఇబ్బంది పెట్టే ప్రోటీన్లు ఉంటాయి. రామచిలుక సంగతి వేరు. పడినా పడకపోయినా దాన్ని పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద వచ్చేది ఐజీఈ అనే ప్రతిరక్షకం వల్ల. పిట్ట ప్రోటీన్ తగలగానే అది మాస్ట్ కణాలను రేపుతుంది, అవి హిస్టమిన్‌ను వదులుతాయి. అంతా నిమిషాల్లో జరిగిపోతుంది. అయితే తుమ్మిన ప్రతిసారీ పిట్టనే అనడం న్యాయం కాదు. కోస్తా తేమలో, పాత బూరుగుదూది పరుపుల్లో ధూళి పురుగులు హాయిగా బతుకుతాయి. అవి నీళ్లు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుంటాయి. పిట్టను ఎవరికో ఇచ్చేసి, పరుపును మాత్రం అలాగే ఉంచుకుంటే తుమ్ములు ఎక్కడికీ పోవు. ముందు చర్మ పరీక్షో రక్త పరీక్షో చేయించుకోవాలి. ఆ సమయంలో గుడ్డు సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి. పక్షుల రక్తంలో ఉండే ఆల్బుమిన్ గుడ్డు పచ్చసొనలోనూ ఉంటుంది. పిట్ట పొడి పీల్చి పీల్చి అది పడకుండా పోయిన కొందరికి, సగం ఉడికిన గుడ్డు తింటే నోరు దురద పెట్టవచ్చు. బాగా ఉడికిన పులుసు గుడ్డుతో ఆ బాధ తక్కువ.

ఇంతవరకూ చెప్పింది ముక్కుతో పోయే కథ. ఊపిరితిత్తులకు వచ్చేది వేరే జబ్బు, పేరు హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. దాన్ని అలర్జీ అని తేలిగ్గా తీసుకోకూడదు. పావురాలు పెంచేవారిలో ఈ జబ్బును అమెరికా వైద్యులు 1965లో వర్ణించారు. ఇది ఐజీఈతో వచ్చేది కాదు. ఐజీజీ ప్రతిరక్షకాలు, టీ కణాలు కలిసి ఊపిరితిత్తుల లోపలి గోడల్లో వాపు తెస్తాయి. ఉదయం పంజరం కడిగిన మనిషికి నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత చలి, జ్వరం, పొడి దగ్గు, ఆయాసం వస్తాయి. మర్నాటికి తగ్గుతాయి. వైరల్ జ్వరమనో మలేరియా అనో పొరబడడం సహజం. పంజరం కడిగిన సంగతి డాక్టరుకు చెప్పాలని ఎవరికి తోస్తుంది?

ఇంట్లో ఒకటి రెండు పిట్టలే ఉండి, రోజూ కొద్దికొద్దిగా పీల్చేవారికి ఆ జ్వరం కూడా రాకపోవచ్చు. మెట్లెక్కితే ఆయాసం, వదలని దగ్గు, బరువు తగ్గడం మాత్రమే ఉంటాయి. ఏళ్లు గడిస్తే ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడతాయి, ఆ మచ్చ మళ్లీ మెత్తబడదు. ఒక ఆనవాలు ఉంది. పండక్కి పది రోజులు అమ్మగారింటికి వెళ్తే దగ్గు సద్దుమణిగి, ఇంటికి రాగానే మళ్లీ మొదలైతే, ఇంట్లోనే ఏదో ఉందని అర్థం. అది పిట్టే కానక్కర్లేదు. ఊపిరితిత్తులు వాచి మచ్చకట్టే తరహా జబ్బుల (ఐఎల్‌డీ) మీద 2017లో వెలువడిన భారతీయ రిజిస్ట్రీలో 1,084 మంది రోగులను చూస్తే, దాదాపు 47 శాతం మందికి ఈ కోవ జబ్బే ఉంది. అందులో సుమారు సగం మంది ఇళ్లలో ఎయిర్ కూలర్లు వాడినవారు. కూలర్లలోని తడి గడ్డిలో పెరిగే బూజు కూడా ఇదే పని చేస్తుంది.

కాబట్టి పిట్టను ఉంచుకోవాలా వద్దా అన్నది ఏ జబ్బు అన్నదాన్ని బట్టి తేలాలి. ముక్కు బాధే అయితే సర్దుకుపోవచ్చు. పంజరం వరండాలో ఉండాలి, పడకగదిలోకి రాకూడదు. చీపురుతో ఊడిస్తే పొడి లేస్తుంది కనుక తడిగుడ్డతో తుడవాలి. పంజరం కడిగే పని ఇంట్లో ఆ పొడితో ఇబ్బంది లేనివాళ్లకు అప్పగించాలి, ఎవరూ లేకపోతే ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. పిట్టకు వారంలో రెండు మూడు సార్లు నీళ్లు చిలకరిస్తే పొడి చాలా తగ్గుతుంది. 0.3 మైక్రాన్ల రేణువులను 99.97 శాతం పట్టే హెపా ఫిల్టరు పనికొస్తుంది, ముక్కు స్ప్రే, సెట్రిజిన్ వంటివి డాక్టరు చెప్పినట్టు వాడుకోవచ్చు. ఇంటి వాసన పోవాలని సాంబ్రాణి, దోమల చుట్టలు, రూమ్ ఫ్రెష్‌నర్లు మాత్రం వద్దు. పక్షి ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిక్కుగా పారుతుంది, మనకన్నా ఎక్కువ ప్రాణవాయువును పట్టుకుంటుంది, అదే తీరులో విషాన్నీ పట్టుకుంటుంది. నాన్‌స్టిక్ పెనం మాడిన పొగకు పక్క గదిలోని పిట్ట చచ్చిపోయే ప్రమాదం కూడా ఉంది.

వానాకాలంలో, తుపాను హెచ్చరికలప్పుడు ఈ సర్దుబాట్లన్నీ తలకిందులవుతాయి. పంజరం లోపలికి, తలుపులు బిగించి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పటిలా కరెంటు కూడా పోతే ఫిల్టరూ ఉండదు. అందుకే ఒక స్నానాల గదో వంటింటికి దూరంగా ఉన్న గదో ముందుగానే పిట్టకు కేటాయించడం మంచిది.

ఊపిరితిత్తుల జబ్బే అని తేలితే మాత్రం నా దృష్టిలో బేరం లేదు. పిట్ట వేరే ఇంటికి వెళ్లాలి. సెట్రిజిన్ దీనికి పనిచేయదు, మాస్కు పూర్తి రక్ష కాదు. పైగా పిట్ట వెళ్లాక కూడా దాని పొడి కర్టెన్లలో, సోఫాల్లో నెలల తరబడి ఉంటుంది. నెల గడిచినా దగ్గు పోలేదని, పాపం దాని తప్పేమీ లేదని మళ్లీ తెచ్చుకునేవాళ్లున్నారు. ముందు కర్టెన్లు ఉతికించి, పరుపులు ఎండబెట్టి, గోడలు తుడిపించి, ఆ తర్వాత ఊపిరితిత్తుల పరీక్ష మళ్లీ చేయించుకుని అప్పుడు మాట్లాడుకోవాలి.