ప్రోగ్రామింగ్‌లో క్లాసుల వంశవృక్షం: పత్తి యార్డు లెక్కతో అపోహలు, వాస్తవాలు

అపోహ: "ఇదీ ఆ రకమే" అనిపిస్తే చాలు, సబ్‌క్లాసు చేసేయొచ్చు. (క్లాసు అంటే ప్రోగ్రాంలో ఒక రకం వస్తువుకు డేటా, పనులు కలిపి రాసిన నమూనా; దాని నుంచి పుట్టేది సబ్‌క్లాసు.)

వాస్తవం: పోలిక చాలదు. బేస్ క్లాసు, అంటే పైనున్న మూల క్లాసు, ఇచ్చిన మాటను సబ్‌క్లాసూ నిలబెట్టాలి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బిల్లుల ప్రోగ్రాం రాస్తున్నారనుకోండి. 'కొనుగోలు' బేస్ క్లాసు, అందులో ధర కట్టే మెథడ్ (క్లాసు చేసే ఒక పని). దాని కింద 'వ్యాపారి కొనుగోలు', 'సీసీఐ కొనుగోలు' (సీసీఐ అంటే మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ, కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా). వ్యాపారి తేమ ఎక్కువున్నా ఏదో ఒక ధర కడతాడు. సీసీఐ మాత్రం తేమ 8 శాతం దాటితే మద్దతు ధరలో కోత పెడుతుంది, 12 దాటితే కొననే కొనదు. 13 శాతం లాటు రాగానే సీసీఐ క్లాసు ఎక్సెప్షన్ (ఈ పని కుదరదనే లోపం సంకేతం) విసురుతుంది. ధర ఎలాగూ వస్తుందని నమ్మి, ఒక్కో లాటుకూ వరసగా బిల్లు చేసేలా రాసిన లూపు అక్కడే ఆగుతుంది, వెనకున్న లాట్లకు బిల్లులుండవు. ఎక్సెప్షన్ బదులు సున్నా రిటర్న్ చేయడం ఇంకా ప్రమాదం: రైతు పేరిట సున్నా రూపాయల బిల్లు అచ్చవుతుంది. తప్పు సీసీఐ క్లాసుది కాదు, బేస్ క్లాసుది. ధర గానీ, కొనకపోతే కారణం గానీ ఇస్తానని ముందే చెప్పాల్సింది అదే. బేస్ క్లాసు మాటను సబ్‌క్లాసు నిలబెట్టాలన్నదే కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ 1987లో ముందుకు తెచ్చిన సూత్రం. దీన్ని ఇంటర్వ్యూ ప్రశ్నగా బట్టీ పట్టి వదిలేయకండి.

అపోహ: ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాసు నుంచి మరోటి పుట్టించడం) ఉన్నది కోడ్ మళ్లీ వాడుకోవడానికే.

వాస్తవం: కోడ్ కోసమే వారసత్వం తీసుకుంటే అక్కర్లేని మెథడ్‌లూ వెంట వస్తాయి. జావా భాషలో స్టాక్ (దొంతర) క్లాసు, ఎక్కడైనా పెట్టి తీయగల జాబితా అయిన వెక్టర్ నుంచి వచ్చింది. అందుకే పైనుంచే పెట్టి, పైనుంచే తీయాల్సిన దొంతరలో అడుగున కూడా దూర్చొచ్చు. జావా డాక్యుమెంటేషనే దాని బదులు డెక్ (రెండు కొసల నుంచే పెట్టి తీసే వరస) వాడమంటుంది. పైగా 3 పంటలు, 2 రకాల కొనుగోలుదారులు, 2 రకాల కాంటాలు ఉంటే, ప్రతి కలయికకూ ఒక సబ్‌క్లాసు చొప్పున 12 అవుతాయి. విడివిడిగా రాసి ఒక ఆబ్జెక్టులో జతచేస్తే 7 చాలు.

అపోహ: ఇంటర్‌ఫేస్ (క్లాసు ఏ మెథడ్‌లు ఇవ్వాలో చెప్పే ఒప్పందం) పెడితే అబ్‌స్ట్రాక్షన్ (లోపలి వివరాలు దాచడం) వచ్చినట్టే.

వాస్తవం: తేమ మీటరు ఇంటర్‌ఫేస్‌లో సీరియల్ పోర్టు (మీటరు వైరు కంప్యూటర్‌కు తగిలే చోటు) నంబరు అడిగే మెథడ్ ఉంటే దాచిందేమీ లేదు. బ్లూటూత్ మీటరు కొన్న రోజున బిల్లు కోడ్ కూడా మార్చాలి. అక్కడ ఉండాల్సింది "ఈ లాటు తేమ ఎంత" అన్న ప్రశ్న ఒక్కటే. పోర్టు సంగతి ఆ మీటరు క్లాసు కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడు నడిచే కోడ్) చూసుకోవాలి. పరీక్ష సులువు: ఎప్పుడూ 9 శాతమే చెప్పే ఉత్తుత్తి మీటరు క్లాసు ఒకటి రాయండి. దానికి కూడా పోర్టు నంబరు కల్పించాల్సి వచ్చిందంటే, ఆ మెథడ్‌ను ఇంటర్‌ఫేస్ నుంచి తీసేయండి.