కచేరీ వేదికకూ పాఠం గదికీ మధ్య: పియానో కళాకారుల జంట కొలువు వెనుక కథ

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో పేరున్న పియానో కళాకారుల పరిచయాలు చదివితే, ఏ నగరాల్లో ఏ ఆర్కెస్ట్రాలతో వాయించారన్న వివరం తరువాత, ఫలానా సంగీత విద్యాలయంలో ప్రొఫెసర్‌గా పనిచేస్తున్నారన్న మాట చాలా తరచుగా కనిపిస్తుంది. వేదికపై అవకాశాలు తగ్గినవారే పాఠాల వైపు మళ్లుతారన్న అభిప్రాయం సంగీతాభిమానుల్లో బలంగా ఉన్నా, రెండు శతాబ్దాల చరిత్ర దాన్ని సమర్థించదు. పియానో కచేరీ ఒక వృత్తిగా రూపుదిద్దుకున్న నాటి నుంచే బోధన అందులో అంతర్భాగంగా, ఒక జంట కొలువుగా ఉంది. కళాకారుడి కాలంలో ఎంత భాగం శిష్యులది, ఎంత భాగం ప్రయాణాలది, పాఠం తప్పిన రోజుల నష్టాన్ని ఎవరు భరించాలి అన్న ప్రశ్నలు కూడా అంతే పాతవి.

ఈ పరిస్థితికి మూలకారణం వాయిద్యంలోనే ఉంది. వయొలిన్, చెల్లో, క్లారినెట్ నేర్చినవారికి ఆర్కెస్ట్రాలో నెలజీతం వచ్చే స్థానం దొరికే అవకాశం ఉంటుంది. పెద్ద ఆర్కెస్ట్రాలో అలాంటి స్థానాలు వంద వరకూ ఉండవచ్చు గాని, వాటిలో పియానోకు దక్కేది సాధారణంగా ఒక్కటే, కొన్నిచోట్ల అదీ ఉండదు. సోలో పియానిస్టు ఆర్కెస్ట్రాకు అతిథి మాత్రమే. కచేరీ ఉంటే పారితోషికం ఉంటుంది, లేకపోతే ఏమీ ఉండదు. ఆ పారితోషికంలో నుంచే ఏజెంటు వాటా, చాలా సందర్భాల్లో ప్రయాణ వసతి ఖర్చులు పోతాయి. కాబట్టి పియానో కళాకారులకు ఏడాది పొడవునా నిలిచే జీతం ప్రధానంగా సంగీత విద్యాలయంలోనే దొరికింది.

అలాంటి విద్యాలయాలు లేని చోట, లేదా వాటిలో చేరని వారికి, ఇంటి పాఠాలే ఆధారమయ్యాయి. 1831లో పారిస్ చేరిన పోలిష్ స్వరకర్త, పియానిస్టు షోపాన్ జీవితకాలంలో ఇచ్చిన బహిరంగ కచేరీలు ముప్పైకి అటూ ఇటూ మాత్రమే. ప్రచురణకర్తలు చెల్లించే సొమ్ముతో పాటు, పాఠానికి 20 ఫ్రాంకుల చొప్పున సంపన్న కుటుంబాల శిష్యులు ఇచ్చిన రుసుమే ఆయన ఇంటిని నడిపింది. హంగరీకి చెందిన పియానిస్టు, స్వరకర్త లిస్ట్ దారి దీనికి పూర్తిగా భిన్నమైనది. ఐరోపా అంతటా కచేరీలిచ్చి 1847లో, ముప్పై అయిదేళ్ల వయసులో, డబ్బు కోసం వాయించడం మానుకున్నాడు. తరువాత జర్మనీలోని వైమార్‌లో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన యువ కళాకారులకు రుసుము తీసుకోకుండా పాఠాలు చెప్పాడు. ఒకరు వాయిస్తుండగా మిగిలినవారంతా కూర్చుని వినే ఆ పద్ధతే నేటి మాస్టర్‌క్లాస్‌కు మాతృక. 1875లో బుడాపెస్ట్‌లో సంగీత అకాడమీ ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షుడైనదీ ఆయనే.

జీతం ఇచ్చే సంస్థల వరుసకు 1795లో ఏర్పడిన పారిస్ కన్సర్వేటరీ (సంగీత విద్యాలయం) నాంది పలికింది. 1843లో జర్మన్ స్వరకర్త మెండెల్‌సన్ చొరవతో లైప్‌జిగ్ కన్సర్వేటరీ మొదలైంది. మూడేళ్ల తరువాత ఆయన ఆహ్వానం మీద, లండన్‌లో స్థిరపడి మంచి రాబడి ఉన్న పియానిస్టు మోషెలెస్ అంతా వదులుకుని అక్కడికి బోధించడానికి వెళ్లాడు. వేదికపై వెలిగిన కళాకారుడు స్వచ్ఛందంగా బడిని ఎంచుకోవడానికి తొలి ఉదాహరణల్లో ఇదొకటి.

అయితే ఈ జంట కొలువు షరతులను అందరికంటే స్పష్టంగా కాగితంపై పెట్టించింది జర్మన్ పియానిస్టు క్లారా షూమన్. బాల్యం నుంచే కచేరీలిచ్చిన ఆమె, 1856లో భర్త, స్వరకర్త రాబర్ట్ మరణించాక పిల్లల పోషణ భారమంతా తన వాయిద్యం మీదే మోసింది. 1878లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొత్తగా తెరిచిన హోఖ్ కన్సర్వేటరీ ఆమెను పియానో బోధనకు పిలిచేనాటికి స్టుట్‌గార్ట్, హనోవర్, బెర్లిన్‌ల నుంచి కూడా ఆహ్వానాలున్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌ను ఎంచుకోవడానికి కారణం, అక్కడి డైరెక్టర్ యోఆకిమ్ రాఫ్ ఆమె షరతులన్నిటికీ ఒప్పుకోవడం. రోజుకు గంటన్నరకు మించి పాఠం చెప్పనవసరం లేదు. పాఠాలు తన ఇంట్లోనే చెప్పుకోవచ్చు. ఏడాదికి నాలుగు నెలల సెలవు. చలికాలంలో చిన్న కచేరీ పర్యటనలకు వెళ్లే వీలు. వీటికి తోడు ఇద్దరు సహాయకులు. ఆ సహాయకుల స్థానాల్లో తన కుమార్తెలు మరీ, యూజెనీలనే ఆమె మనసులో పెట్టుకుంది. ఆ విద్యాలయ బోధకుల్లో ఏకైక మహిళ ఆమే. 1891లో చివరి బహిరంగ కచేరీ ఇచ్చి, మరుసటి ఏడాది వరకూ ఆ పదవిలో కొనసాగింది.

ఆ ఒప్పందంలో నాకు కనిపించే విలువ, అది అడిగిన సౌకర్యాల్లో కంటే దాని నిజాయితీలో ఉంది. గురువు ఊళ్లో ఉండని రోజులుంటాయని, ఆ రోజుల్లో శిష్యుడి చేతిని పట్టించుకోవడానికి మరొకరు ఉండాలని, రెండూ ముందే మాట్లాడుకుని ఒప్పుకున్నారు. నేటి ఒప్పందాల్లో చాలా వాటికి ఆ స్పష్టత లేదు.

రష్యాలో ఇదే విషయానికి మరో కోణం తోడైంది. వృత్తి సంగీతకారుడికి అక్కడి సామాజిక వ్యవస్థలో గుర్తింపు పొందిన స్థానమంటూ లేదు. ఐరోపా అంతటా పేరున్న పియానిస్టు ఆంటోన్ రూబిన్‌స్టైన్ కూడా ఒక ప్రార్థనాలయంలో వివరాలు నమోదు చేయించుకునేటప్పుడు, కళాకారుడన్న హోదా లేక, వర్తకుడి కుమారుడిగా రాయించుకోవలసి వచ్చిందని ఆత్మకథలో చెప్పుకున్నాడు. 1862లో ఆయన స్థాపించిన సెయింట్ పీటర్స్‌బర్గ్ కన్సర్వేటరీ తన పట్టభద్రులకు ‘స్వేచ్ఛా కళాకారుడు’ అన్న చట్టబద్ధమైన హోదా ఇచ్చింది. నాలుగేళ్లకు తమ్ముడు నికొలాయ్ మాస్కోలో మరొకటి తెరిచాడు. అంటే అక్కడ సంగీత విద్యాలయం జీతమిచ్చే చోటు మాత్రమే కాదు, కళాకారుడికి సంఘంలో నిలబడే హక్కునిచ్చిన చోటు. 1867లో పదవి వదులుకున్న ఆంటోన్, 1872-73లో అమెరికా పర్యటనకు వెళ్లి 239 రోజుల్లో 215 కచేరీలు ఇచ్చాడు. దాదాపు రోజుకో కచేరీ! వేదిక మీదే బతకడమంటే దేహం ఎంత మూల్యం చెల్లించాలో ఆ అంకెలే చెబుతాయి. 1887లో ఆయన తిరిగి కన్సర్వేటరీ పగ్గాలు చేపట్టాడు.

ఆ వారసత్వం సోవియట్ కాలంలో ప్రభుత్వ ఉద్యోగంగా మారింది. 1922 నుంచి మాస్కో కన్సర్వేటరీలో బోధించిన హైన్రిఖ్ నైహౌజ్ తాను కచేరీలిస్తూనే ఎమిల్ గిలెల్స్, స్వ్యాతొస్లావ్ రిఖ్టర్ వంటివారిని తీర్చిదిద్దాడు. వారిలో గిలెల్స్ గురువు బాటలోనే అక్కడ ప్రొఫెసర్ అయితే, రిఖ్టర్ బోధన జోలికే పోలేదు. స్థిరమైన జీతానికి రాజ్యంపై ఆధారపడటమన్న వెల కూడా ఉంది. పియానిస్టు మరియా యూదినాను 1930లో మత విశ్వాసాల కారణంగా లెనిన్‌గ్రాడ్ కన్సర్వేటరీ నుంచి తొలగించారు. తరువాత మాస్కోలోనూ ఆమె బోధనా పదవులు నిలవలేదు. 1941లో నైహౌజ్‌నే అరెస్టు చేసి నెలల తరబడి జైల్లో ఉంచి, ఆపై ఉరల్ ప్రాంతానికి పంపారు. బెర్లిన్‌లో బోధించిన యూదు కళాకారుడు ఆర్తుర్ ష్నాబెల్ 1933లో నాజీలు అధికారంలోకి రాగానే జర్మనీ విడిచాడు.

ఇలా కదిలివచ్చిన కళాకారులను అమెరికా అందుకుంది. మాస్కోలో చదివిన పియానిస్టులు జోసెఫ్, రోజీనా లెవిన్ దంపతులు 1919లో న్యూయార్క్ చేరి, అయిదేళ్లకు అక్కడి జూలియార్డ్ సంగీత విద్యాలయంలో బోధన మొదలుపెట్టారు. భర్త కచేరీలకు వెళ్లినప్పుడు శిష్యులను చూసుకున్నది రోజీనాయే. ఆ కాలమంతా ఆమె సొంత సోలో కచేరీలు ఆగిపోయాయి. 1944లో జోసెఫ్ మరణించాక ఆమె తన పేరుతోనే మహా గురువుగా నిలిచింది. 1958లో మాస్కోలో చైకోవ్‌స్కీ పోటీ గెలిచిన వాన్ క్లైబర్న్ ఆమె శిష్యుడే. 1963లో, ఎనభై రెండేళ్ల వయసులో, న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తో షోపాన్ కంచెర్టో (సోలో వాయిద్యానికీ ఆర్కెస్ట్రాకూ కలిపి రాసిన రచన) వాయించింది. జంట కొలువు చరిత్రలో ఒకరి పర్యటన మరొకరి త్యాగం మీద నడిచిన సందర్భాలకు ఈ జీవితం సాక్ష్యం, ఆ త్యాగం ఎక్కువగా స్త్రీలదే అయిందని కూడా చెప్పుకోవాలి.

బోధన పదవి కళాకారుణ్ణి నిలబెట్టిన తీరుకు అమెరికన్ పియానిస్టు లియాన్ ఫ్లైషర్ కంటే బలమైన ఉదాహరణ నాకు తెలియదు. 1952లో బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ పోటీ గెలిచి, 1959 నుంచి బాల్టిమోర్‌లోని పీబడీ సంగీత విద్యాలయంలో పాఠాలు చెబుతున్న ఆయనకు, ముప్పైల వయసులో కుడిచేతి వేళ్లు అదుపు తప్పి ముడుచుకుపోవడం మొదలైంది. ఫోకల్ డిస్టోనియా అనే ఆ నాడీ సమస్యతో రెండు చేతుల కచేరీలు దశాబ్దాల పాటు ఆగిపోయాయి. ఎడమచేతికి రాసిన రచనలు వాయిస్తూ, ఆర్కెస్ట్రాలకు సారథ్యం వహిస్తూ, పాఠాలు మాత్రం మానలేదు. బొటాక్స్ చికిత్స తరువాత 1990లలో రెండు చేతులతో వేదికకు తిరిగివచ్చి, 2020లో మరణించే వరకూ గురువుగానే ఉన్నాడు. 1979లో కుడిచేయి దెబ్బతిన్న పియానిస్టు గ్యారీ గ్రాఫ్‌మన్ ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత విద్యాలయంలో బోధన చేపట్టి, 1986లో దాని డైరెక్టరయ్యాడు. పేరున్న పియానిస్టులు లాంగ్ లాంగ్, యూజా వాంగ్ ఆయన వద్దే చదివారు.

ఇప్పుడు ఈ ఏర్పాటు రెండు వైపుల నుంచి బిగుసుకుంటోంది. జర్మనీలోని సంగీత విద్యాలయాల్లో పూర్తికాలపు ప్రొఫెసర్లతో పాటు, గంటకింత చొప్పున చెల్లింపు పొందే బోధకులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. బ్రిటన్‌లోనూ గంటల లెక్క జీతాలే విస్తారం. గంటల లెక్కన పనిచేసేవారికి పర్యటన సెలవు అంటే జీతం కోత. వెళ్లి వచ్చాక వారాల బాకీని రెండు రోజుల్లో వరుస పాఠాలతో తీర్చడం ఆనవాయితీ అయింది గాని, చేతి అలవాట్లను దిద్దవలసిన విద్యార్థికి వారం వారం అందే పాఠానికి అది సాటి రాదు. 2020 మార్చిలో కచేరీ మందిరాలు మూతబడినప్పుడు మాత్రం తేడా అందరికీ అనుభవమైంది. జీతపు పదవి ఉన్నవారు వీడియోలో పాఠాలు కొనసాగించారు, కేవలం కచేరీలపై ఆధారపడినవారికి రాబడి ఒక్కసారిగా నిలిచిపోయింది.

రెండో వైపు ఒత్తిడి అర్హతల రూపంలో వస్తోంది. 1950లలో అమెరికాలో మొదలైన సంగీత కళల డాక్టరేట్ పట్టా, ఇప్పుడు అక్కడి విశ్వవిద్యాలయాల నియామకాల్లో తరచుగా అడిగే అర్హత. వార్సాలోని షోపాన్ పోటీ వంటివి ముప్పై ఏళ్లు దాటనివారికే ప్రవేశమిస్తాయి. దాంతో బోధన పదవి కావాలంటే డాక్టరేట్‌కు, కచేరీలు కావాలంటే పోటీలకు, ఒకే వయసులోని అవే సంవత్సరాలను వెచ్చించవలసిన స్థితి యువ కళాకారులకు ఏర్పడింది.