మతిమరుపుకు లిథియం? ఈ ప్రశ్న వెనుక 45 ఏళ్ల కథ

విశాఖలో చినవాల్తేరు మానసిక వైద్యశాలకు వచ్చే చాలా కుటుంబాలకు లిథియం తెలిసిన మందే. మూడ్ విపరీతంగా పైకీ కిందికీ ఊగే బైపోలార్ జబ్బు ఉన్నవారికి దశాబ్దాలుగా ఇస్తున్నారు. 2025 ఆగస్టు తర్వాత దీన్ని మతిమరుపు జబ్బు అల్జీమర్స్‌తో కలిపి మాట్లాడటం మొదలైంది. అల్జీమర్స్ వచ్చిన మెదడులో లిథియం తగ్గుతోందనీ, లిథియం ఓరోటేట్ అనే లిథియం లవణం ఇచ్చిన ఎలుకల్లో జ్ఞాపకశక్తి మెరుగైందనీ హార్వర్డ్ మెడికల్ స్కూల్ పరిశోధకులు ప్రకటించారు. లిథియం తగ్గినప్పుడు జీఎస్‌కే-3 అనే ఎంజైమ్ చెలరేగడం నష్టానికి ఒక కారణమన్నారు.

ఈ ఎంజైమ్ 1980లో స్కాట్లాండ్‌లోని డండీలో ఫిలిప్ కోహెన్ బృందానికి కుందేలు కండరంలో దొరికింది. ఇదొక ప్రొటీన్ కైనేజ్. అంటే కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఫాస్ఫేట్ తీసి మరో ప్రొటీన్‌కు తగిలిస్తుంది. ఆ ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఈ సంగతి మన పిల్లలకు గట్టిగా చెప్పుకోవాలి.

చాలా కైనేజ్‌లు పిలుపు వస్తేనే పనిచేస్తాయి. జీఎస్‌కే-3 మాత్రం ఎప్పుడూ పనిలోనే ఉంటుంది, ఇన్సులిన్ లాంటి సంకేతం వస్తే తగ్గుతుంది. అందుకే మొదట్లో దీన్ని గ్లైకోజెన్ (ఒంట్లో చక్కెర నిల్వ), షుగర్ జబ్బు కోణంలోనే చూశారు. 1990ల్లో ఇదే ఎంజైమ్ మెదడులోని టావ్ ప్రొటీన్‌కూ ఫాస్ఫేట్ తగిలిస్తుందని తేలింది. పట్టాలను స్లీపర్లు పట్టి ఉంచినట్టు నరకణాల్లోని సన్నని గొట్టాలను టావ్ పట్టి ఉంచుతుంది. ఫాస్ఫేట్లు ఎక్కువైతే పట్టు వదిలి చిక్కుముడులు కడుతుంది. అల్జీమర్స్‌లో కనిపించేవి ఆ ముడులే.

1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ మానసిక రోగుల్లో లిథియం గుణం చూశాడు కానీ అది ఎలా పనిచేస్తుందో అప్పటికి తెలియదు. జీఎస్‌కే-3ని లిథియం అడ్డుకుంటుందని 1996లో క్లీన్, మెల్టన్ చూపించారు. ఆశ పెరిగింది. కానీ ఈ ఎంజైమ్‌ను అడ్డుకునే టైడెగ్లుసిబ్ అనే మందు అల్జీమర్స్ రోగులపై పరీక్షల్లో ఫలితం ఇవ్వలేదు.

నాకు అసలు చిక్కు ఇక్కడే కనిపిస్తుంది. ఈ ఎంజైమ్ మెదడుకే పరిమితం కాదు. కణాలు అదుపు తప్పి పెరగకుండా బీటా-కెటెనిన్ అనే ప్రొటీన్‌ను కట్టడి చేయడంలోనూ దీనికి పాత్ర ఉంది. పూర్తిగా ఆపేస్తే ఆ పనీ ఆగుతుంది.

లిథియం మోతాదుకూ విషానికీ మధ్య తేడా చాలా తక్కువ. కిడ్నీ, థైరాయిడ్ దెబ్బతినవచ్చు. మన విశాఖ ఉక్కపోతలో చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో దాని స్థాయి పెరుగుతుంది. ఇప్పటికే వాడుతున్నవారు రక్తపరీక్ష మానకూడదు, సొంతంగా మోతాదు మార్చకూడదు. ఎలుకల ఫలితం చూసి, ఆన్‌లైన్‌లో ఓరోటేట్ కొని ఇంట్లో పెద్దవాళ్లకు దయచేసి ఇవ్వకండి. మతిమరుపు టెన్షన్ ఉంటే ముందు న్యూరాలజిస్టుకు చూపించండి.