అరుంధతికి అంత దగ్గరున్నా ఎం101 ఎందుకు కనపడదు?

పెళ్లిలో కొత్త దంపతులకు చూపించే అరుంధతికి ఆరు డిగ్రీల లోపే, అంటే చాపిన చేతి మూడు వేళ్ల వెడల్పుకు కాస్త అవతల, ఎం101 అనే సర్పిల గెలాక్సీ ఉంది. దూరం సుమారు 2 కోట్ల 10 లక్షల కాంతి సంవత్సరాలు. పియర్ మెషాన్ 1781లో దీన్ని గుర్తించాడు.

మొత్తం వెలుగు 7.9 మాగ్నిట్యూడ్ అని పుస్తకాల్లో ఉంటుంది (మాగ్నిట్యూడ్ వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ). అంత వెలుగున్న నక్షత్రమైతే మామూలు బైనాక్యులర్‌కే అందుతుంది. కానీ ఎం101 వెలుగు దాదాపు నిండు చందమామంత మేర పరుచుకుని ఉంది. చీకటి పల్లె ఆకాశానికీ సొంత వెలుగు కొంత ఉంటుంది. సగటున అందులో ఆరో వంతే ఈ గెలాక్సీది. నగరంలో అది అర శాతానికి పడిపోతుంది, కంటికి తేడాయే తెలియదు.

చాలామంది చేసే పొరపాటు మాగ్నిఫికేషన్ పెంచడం. బొమ్మ పెద్దదయ్యేకొద్దీ అదే వెలుగు ఇంకా పలచబడుతుంది. ముందు 10x50 (పది రెట్లు పెంచే, 50 మి.మీ. కటకాల) బైనాక్యులర్‌తోనో, టెలిస్కోప్‌కు అతి తక్కువ పవరున్న ఐపీస్‌తోనో (కన్ను ఆనించే కటకం) వెతకాలి. చంద్రుడు లేని రాత్రి కావాలి, కళ్లు అరగంటైనా చీకటికి అలవాటు పడాలి. హైదరాబాదు అక్షాంశంలో మే నెలాఖరున రాత్రి 10 గంటల ప్రాంతంలో ఇది ఉత్తరాన 53 డిగ్రీల ఎత్తుకు వస్తుంది.

అరుంధతి పక్కనే ఉన్న వసిష్ఠుడి నుంచి తూర్పుగా 81, 83, 84, 86 అనే నాలుగు మసక నక్షత్రాలు వరసగా సాగుతాయి. 86 దగ్గర ఆగి, అదే దిక్కున కాస్త ఉత్తరానికి వాలుతూ ఒకటిన్నర డిగ్రీ, అంటే మూడు చందమామల దూరం జరగాలి. అక్కడ సూటిగా కాక కొంచెం పక్కకు చూస్తే గుండ్రటి పొగమరకలాంటిది తేలుతుంది. టెలిస్కోప్‌ను మెల్లగా తట్టండి, కదిలే మసకను కన్ను తేలిగ్గా పసిగడుతుంది.

ఆక్సిజన్ వాయువు వెలుగును మాత్రమే వదిలే ఆక్సిజన్ ఫిల్టర్ పెడితే గెలాక్సీ ఇంకా మసకబారుతుంది. నక్షత్రాల వెలుగు అన్ని రంగుల్లో ఉంటుంది కాబట్టి ఫిల్టర్ దాన్నీ కోసేస్తుంది. అయితే గెలాక్సీ సర్పిల చేతుల్లోని వాయు మేఘాలు 501 నానోమీటర్ల ఆకుపచ్చలో వెలుగుతాయి. ఎన్‌జీసీ (ఒక ఖగోళ జాబితా) 5461, 5471 లాంటి మేఘాలు అప్పుడే, పెద్ద టెలిస్కోప్‌లో, ముద్దలుగా విడిపడతాయి.

2023 మే 19న జపాన్‌కు చెందిన కొయిచి ఇతగాకి కనిపెట్టిన సూపర్‌నోవా, అంటే పేలిపోయే నక్షత్రం, ఆ 5461 పక్కనే పేలింది. గరిష్ఠంగా 11 మాగ్నిట్యూడ్‌కు చేరింది, గెలాక్సీ మొత్తం వెలుగు కంటే ఎంతో తక్కువ. అయినా అది ఒకే చుక్క. పవర్ పెంచితే వెనకున్న ఆకాశం నల్లబడింది, చుక్క మాత్రం పలచబడలేదు. గెలాక్సీ జాడే తెలియని ఊరి వెలుగుల్లోనూ 8 అంగుళాల టెలిస్కోప్‌కు అందే వెలుగు అది.